లాస్తాకి రెండో పక్క

నాలుగేళ్ళుగా నేవియో ఇంట్లోంచి ఒక్క చెంచా కూడా బయటికి పోలేదు. పోయిన భార్య ఆలిదా ఏది ఎక్కడ పెట్టిందో అది అక్కడే ఉంది. ఆమె సగం అల్లి వదిలేసిన మేజోడు సూదులతో సహా కిటికీ పక్క బుట్టలో ఉంది. హాల్లో అద్దం కింద పలక మీద దువ్వెన, దాని పక్కన లిప్‌స్టిక్ గొట్టం ఉన్నాయి. వారానికోసారి దుమ్ము దులిపేవాడు. ఏదీ జరిపేవాడు కాదు.

సోమవారం పొద్దున్న డోరినా ఆ వంటింట్లో నిలబడి, గోడకి వేలాడుతున్న చెక్క గరిటెల వంక చూసింది.

"బావా, ఆ చిన్నవి రెండూ నాకు కావాలి."

"ఎందుకు?"

"చిన్న పడవలకి. కాడ కోసేసి బోర్లిస్తే అచ్చం పడవే. తెల్లరంగు వేస్తే పైన గుడ్డ కప్పినట్టుంటుంది."

"కోస్తావా? వాటితో మీ అక్క జాము కలిపేది."

"మా అక్క ఇప్పుడు కలపట్లేదు కదా."

ఆ ఇంట్లో నిలబడి ఆ మాట అనగలిగేది డోరినా ఒక్కతే. ఆలిదాకి సొంత చెల్లెలు. ఆఖరిరోజున ఆసుపత్రికి అంతా అయిపోయాక వచ్చింది. బస్సు తప్పిపోయిందని చెప్పింది. నేవియో అది విన్నాడు, నమ్మాడు, క్షమించలేదు. ఈ నాలుగేళ్ళలో ఆమెని గడప లోపలికి రమ్మన్నది మొన్నమొన్నే. అదీ ఆమె మీద ప్రేమతో కాదు, ఒక పెద్దమనిషి మీద కోపంతో.

ఆ పెద్దమనిషి కజిమిర్. ఒకప్పటి స్టేషను మాస్టరు, ఇప్పుడు బొమ్మరైళ్ళ క్లబ్బుకి అధ్యక్షుడు. రైల్వే కార్మికుల భవనం కింద నేలమాళిగలో, పొడవాటి బల్లల మీద తమ ఊరు రియెకా రేవంతా కట్టారు. పాతకాలపు రేవు, అసలులో ఎనభై ఏడో వంతు. పట్టాలు, గిడ్డంగులు, క్రేనులు, చేపల బజారు, అన్నీ కుదిరాయి. ఓడ ఒక్కటే లేదు. శనివారం ఊరివాళ్ళకి తలుపులు తెరవాలి. పోయిన వారం కజిమిర్ ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల జర్మనీ నుంచి తెప్పించిన ప్లాస్టిక్ ఓడ ఉంది.

"ఈ ఓడ మన రేవులో ఏనాడు ఆగింది?" అన్నాడు నేవియో.

"ఓడ ఓడే కదయ్యా."

"ఇక్కడ ఆగింది లాస్తా. రాబ్ దీవి నుంచి రోజూ వచ్చేది."

"అయితే లాస్తాని నువ్వు చేసుకురా." కజిమిర్ నవ్వాడు. నవ్వుతూ నేవియో కుడిచేతి వంక చూశాడు. ఆ చేతికి మూడు వేళ్ళే. మిగతా రెండూ షంటింగ్ చేసే రోజుల్లో రెండు వ్యాగన్ల మధ్య పోయాయి.

ఆ చూపుకే నేవియో నోరు జారింది. "నేను కాదు, మా మరదలు చేస్తుంది. కాగితాల మిల్లులో పెట్టెలు మడిచిన చెయ్యి అది."

అలా వచ్చింది డోరినా. ఆమె ఇంట్లో ఖాళీ బల్ల లేదు, ఉన్నదాని మీద మనవళ్ళు ఉంటారు. రోజూ బస్సెక్కి ఇక్కడికి వస్తోంది. ఇప్పుడు గరిటెలు అడుగుతోంది.

నేవియో మేకు మీంచి వాటిని తీశాడు. ఒకదాని తర్వాత ఒకటి తీశాడు. గోడ మీద రెండు తెల్లటి మచ్చలు మిగిలాయి.

"రంపం నువ్వు పట్టుకో. నేను చూడను," అన్నాడు.

*

ఓడ మూరా బెత్తెడు పొడుగుంది. నీటికి కింద ఉండే భాగం ఏమీ లేదు, అడుగు పీటలా చదును. క్లబ్బు రేవులో నీళ్ళంటే పచ్చరంగు వేసిన గాజుపలక, దాని మీద కూర్చోబెట్టడమే. పాస్తా డబ్బాల అట్ట, చెప్పుల పెట్టె అట్ట, నేవియో బీపీ మాత్రల పెట్టెలు కలిసి అప్పటికే ఓడ ఆకారానికి వచ్చాయి. బల్ల గోడకి ఆనించి ఉంటుంది. ఓడ వీపు గోడవైపు, మొహం డోరినా వైపు. ఆమె కుర్చీలో కూర్చుని ఆ మొహం మీదే పని చేస్తుంది.

నేవియో పొయ్యి దగ్గర నిలబడి చూడనట్టు చూసేవాడు.

అట్ట తీసుకోగానే ఆమె దాన్ని కోసేది కాదు. ముందు రెండు చేతుల్తో అటు కొంచెం వంచేది, ఇటు కొంచెం వంచేది. అట్టకి పోగు ఎటు ఉందో చేతికి తెలిసేదాకా కత్తి తీసేది కాదు. పోగు వెంట వంచితే అట్ట మాట వింటుందట, అడ్డంగా వంచితే విరుగుతుందట. ముక్కు భాగం వంపు తేవడానికి ఆ అట్టని కెటిల్ ఆవిరి మీద పట్టుకుని, మెత్తబడ్డాక సీసా చుట్టూ చుట్టి, దారంతో కట్టి, ఆ సీసాని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాఫీ ఇస్తే ఎడంచేత్తో తాగింది. కుడిచెయ్యి సీసా మీదే ఉంది, నిద్రపోయే పిల్లాడి మీద ఉన్నట్టు.

దారం విప్పితే అట్ట వంపు తిరిగి ఉంది. ఎక్కడా ముడత లేదు.

నేవియో రెండో కప్పు కాఫీ పోశాడు.

"అబ్బో! రెండో కప్పు! క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి," అంది డోరినా.

"తాగు, మాట్లాడకు."

"మూతి ముడుచుకుని పనిచేస్తే ఓడ కూడా మూతి ముడుచుకుంటుంది బావా. బిస్కెట్ల డబ్బా తే."

బిస్కెట్ల డబ్బాలో బిస్కెట్లు లేవు. అది ఆలిదా కుట్టుపని డబ్బా. నేవియో తెచ్చి బల్ల మీద పెట్టాడు కాని మూత మీంచి చెయ్యి తియ్యలేదు. డోరినా ఆగింది. చెయ్యి తీశాక తెరిచింది.

లోపలివన్నీ తీసి వరసగా పేర్చింది. టిచ్ బటన్లు ఓడకి గుండ్రటి కిటికీలయ్యాయి. ఒక్కొక్కదాన్ని సూదిమొనతో తీసి, జిగురు చుక్కలో ముంచి, అట్ట మీద పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కింది. జాకెట్ కొక్కేలు లంగర్లయ్యాయి. జడపిన్నుల్ని నిటారుగా గుచ్చి, వాటికి దారం చుట్టుకుంటూ పోతే రెయిలింగ్ అయింది. ఆ దారాన్ని ముందు కొవ్వొత్తి మీద లాగింది, నూగు లేవకుండా. మేజోడు సూదుల్లో రెండు ఓడ స్తంభాలయ్యాయి. సూదులు తీసేముందు మేజోడు కుట్లు జారిపోకుండా ఊలుపోగు గుచ్చి ముడేసింది. ఆ సంగతి నేవియోకి చెప్పలేదు. అతనే చూశాడు.

"మరి ఇవి?" ఓడ పైభాగంలో వంకర తిరిగిన గాలిగొట్టాల్ని చూపించాడు.

"మకరోనీ."

"ఎలకలు తినవూ?"

"గోళ్ళరంగు పూశాను. తింటే వాటి పళ్ళే ఊడతాయి."

అతనికి నవ్వొచ్చింది. నవ్వు దగ్గులా మార్చుకున్నాడు.

మంగళవారం మధ్యాహ్నానికి దిగే మెట్లపలక అతికించింది. అతికించి, వేలితో దాని చివర నిమిరింది.

"ఇదిగో, ఇక్కడే నువ్వు మమ్మల్ని మొదటిసారి చూసింది. ఎర్రజెండా పట్టుకుని ఇంజను ముందు నడుస్తున్నావు. మేం దిగుతున్నాం."

"రోజుకి వందమంది దిగేవాళ్ళు."

"వందమందికీ రైలు ఆపేవాడివా? అక్క పట్టాలు దాటి, చేపల బజారు మలుపు తిరిగేదాకా జెండా దించలేదట. డ్రైవరు నీ అమ్మనీ నాన్ననీ తలుచుకున్నాడట. అక్క ఎన్నిసార్లు చెప్పిందో!"

"నీ కోసం ఆపాను. సముద్రం పడక నీ మొహం ఆకులా ఉంది. పట్టాల మీద కూలిపోతావేమోనని ఆపాను."

"అయ్యో పాపం! నా కోసమా! నలభై రెండేళ్ళ తర్వాత తెలిసింది."

ఆమె పకపకా నవ్వింది. నేవియో కిటికీ దగ్గరికి వెళ్ళి బయట ఆరేసిన బట్టల వంక చూశాడు. 

*

పొగగొట్టం దగ్గర పని ఆగిపోయింది.

బుధవారం పొద్దుటి నుంచి డోరినా అదే వెతుకులాటలో ఉంది. దారపు రీలు చెక్క పెట్టి చూసింది, లావైంది. మాత్రల గొట్టం పెట్టింది, సన్నమైంది. అట్ట చుట్టి పెట్టింది. అట్ట అట్టలాగే ఉంది, ఇనుములా లేదు. లాస్తా పొగగొట్టం నల్లగా, నిటారుగా, నడుం దగ్గర పసుపుపచ్చ పట్టీతో ఉండేది. రేవు చివరి నుంచి కూడా దాన్ని చూసే ఓడని గుర్తుపట్టేవాళ్ళు.

ఆమె చేతులు తుడుచుకోవడానికి హాల్లోకి వెళ్ళింది. తిరిగి రావడం ఆలస్యమైంది. నేవియో వెళ్ళి చూశాడు. అద్దం ముందు నిలబడి ఉంది. అద్దంలోకి కాదు చూస్తున్నది, కింద పలక మీదికి.

"దాని జోలికి వెళ్ళకు," అన్నాడు.

"నేనేమీ అడగలేదు."

"చూశావు."

"చూడ్డానికి కూడా నీ అనుమతి కావాలా?"

"ఈ ఇంట్లో కావాలి."

"నల్లటి గొట్టం, నడుం దగ్గర బంగారు పట్టీ. కొలత కూడా చూడక్కర్లేదు బావా. సరిగ్గా..."

"గరిటెలు ఇచ్చాను. సూదులు ఇచ్చాను. డబ్బా ఖాళీ చేశావు. ఇంట్లో ఏమైనా మిగల్చాలని లేదా నీకు? చెత్తబుట్టలో దొరికినవన్నీ అంటించి ఓడంటున్నావు. ఆ చెత్తకి సారా బిరడా పెట్టుకో, చాలు."

 నోటిదురుసు మనిషి జవాబు చెప్పకపోతే ఇల్లు పెద్దదైనట్టుంటుంది. ఆమె వంటింట్లోకి వెళ్ళింది. సొరుగులో సారా సీసా బిరడా వెతికింది. దాన్ని కత్తితో చెక్కి, నల్లరంగు వేసి, ఓడ నడుమ అతికించింది. అతికిస్తున్నప్పుడు కూడా తొందరపడలేదు. ఆరేదాకా వేలితో పట్టుకునే ఉంది.

తర్వాత కోటు తొడుక్కుంది. "రేపు మధ్యాహ్నం క్లబ్బుకి తీసుకెళ్దాం," అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

*

గురువారం కొండల మీంచి బూరా అనే చలిగాలి దిగింది. వీధుల్లో మనుషులు వంగి నడుస్తున్నారు. డోరినా ఓడని బల్లగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా దాంతోపాటు ఒరుగుతూ కూర్చుంది. నేవియో పక్కన నిలబడ్డాడు. 

నేలమాళిగలో ఎనిమిదిమంది ఉన్నారు. ఎజీదియో, ఒకప్పటి ఇంజను డ్రైవరు, తన కొత్త ముచ్చట అందరికీ చూపిస్తున్నాడు. బొమ్మ ఇంజను ముందు బఠాణీ గింజంత కెమెరా అతికించాడు. అది చూసేదంతా గోడ మీది టీవీలో కనిపిస్తుంది. రైలు గిడ్డంగుల పక్కనుంచి వెళ్తుంటే టీవీలో గిడ్డంగులు నిజమైన వాటిలా ఎత్తుగా కదిలాయి.

డోరినా మూట విప్పింది. నేవియో ఓడని ఎత్తి గాజుపలక మీద, గట్టుకి ఆనించి పెట్టాడు. ముక్కు రేవు బయటికి, మెట్లపలక గట్టు వైపు. అచ్చం లాస్తా ఆగినట్టు. అతను పట్టాల వైపు నిలబడి చూశాడు. అద్భుతంగా ఉంది. మనసులో ఆ మాటే అనుకున్నాడు.

బల్లకి అవతల, సముద్రం వైపు నిలబడ్డవాళ్ళు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒకడు కిసుక్కున నవ్వాడు.

"ఇది ఓడా, ఓడ ఫొటోనా?"

నేవియో బల్ల చుట్టూ తిరిగి అటు వచ్చాడు. అటు వైపు ఓడ లేదు. ముక్కు నుంచి వెనకదాకా గోధుమరంగు అట్ట. మధ్యలో పాస్తా డబ్బా మీది సగం అక్షరాలు. కిటికీ లేదు, రంగు లేదు. శనివారం వచ్చే ఊరంతా నిలబడేది ఇటువైపే.

అతను క్లబ్బులో ఎప్పుడూ పట్టాల వైపే నిలబడతాడు. బతుకంతా పట్టాల వైపే నిలబడ్డాడు. ఓడకి మొహం అటే ఉంటుందని అతనూ అనుకున్నాడు, ఆమె కూడా అనుకుంది.

"అమ్మా, ఈ పక్క మరిచిపోయారా?" అన్నాడు కజిమిర్.

"మరిచిపోలేదు. నేను చూడలేదు," అంది డోరినా. "రేవులో ఎక్కాం, రేవులో దిగాం. ఆ పక్క ఎలా ఉంటుందో చేపలకి తెలియాలి. చూడనిది నేను చెయ్యను."

"పోనీ తిప్పి పెడదాం. మంచి పక్క జనానికి కనిపిస్తుంది."

"తిప్పితే ముక్కు ఊరివైపుకి వస్తుంది," అన్నాడు నేవియో. "బూరా కొట్టే రేవులో ఏ కెప్టెనూ ఓడని అలా కట్టడు. తాళ్ళు తెగితే ముందుకే పోవాలి. ముసలాళ్ళు చూస్తే ఉమ్మేస్తారు."

"అయితే ఏం చెయ్యమంటావు?" కజిమిర్ వంగి ఓడని దగ్గరగా చూశాడు. "కష్టపడ్డారు, కాదనను. కాని ఇదేంటి, పొగగొట్టం బిరడానా? ఏది దొరికితే అది... చెత్తబుట్ట బోర్లించి అంటించినట్టుంది."

అందరూ నవ్వారు. చెడ్డవాళ్ళేం కాదు. నవ్వు వచ్చింది, నవ్వారు. గదిలో కుర్చీలు నాలుగున్నాయి. వాటి మీద కోట్లున్నాయి. అరవై దాటిన ఆడమనిషి ఓడని ఒళ్ళో పెట్టుకుని ఊరు దాటి వస్తే, ఒక కోటు తీసి కుర్చీ చూపించాలని ఎవరికీ తోచలేదు. డోరినా నిలబడే బల్లగుడ్డని మడిచింది. అంచుకి అంచు కలిపి, మళ్ళీ మడిచి, ఇంకోసారి మడిచింది. ఇక మడవడానికి వీల్లేనంత చిన్నదయ్యేదాకా మడిచింది.

తన మాటే ఇంకొకడి నోట్లోంచి వినడం నేవియోకి కొత్త. నిన్న తను అన్నప్పుడు ఈ మాట ఇంత పెద్దదని తెలియలేదు.

అతను ఓడని ఎత్తుకున్నాడు.

"ఆ చోటు ఖాళీగా ఉంచు," అన్నాడు కజిమిర్‌తో.

"శనివారం తొమ్మిదింటికి తలుపులు తీస్తాం నేవియో. అప్పటికి దీనికి రెండు పక్కలూ ఉంటే సరే. లేదా జర్మను ఓడ. నా మీద పళ్ళు కొరికి లాభం లేదు."

"కొరకను. నా పళ్ళు నాకు కావాలి."

బయట గాలి బల్లగుడ్డని లాగేస్తోంది. ఇద్దరూ రేవు వెంట బస్సు కోసం నడిచారు. గట్టు పక్కన ఇనుప సరుకు ఓడ ఒకటి కట్టి ఉంది. ఓడ మీద మనిషి కనపడలేదు, కాని ఎక్కడినుంచో టకటక, టకటక అని సుత్తి చప్పుడు వస్తోంది. నేవియో ఆగాడు.

"పద బావా, చలి," అంది డోరినా. 

"ఉండు."

ఓడని ఆమె చేతికిచ్చి, గట్టు చివరిదాకా నడిచి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి చూశాడు. ఓడకి అవతలి పక్క, సముద్రం వైపు, తాళ్ళతో వేలాడదీసిన పలక మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకడు చిన్న సుత్తితో కొట్టి తుప్పు గోకుతున్నాడు. ఇంకొకడు గోకినచోట ఎర్రగా పూస్తున్నాడు. ఆ పక్క ఓడకి పేరు లేదు, రంగు లేదు. మొత్తం తుప్పు ఆపే సింధూరపు పూతే.

తిరిగొచ్చేసరికి అతని ముక్కు కారుతోంది. "రేపు నువ్వు తొందరగా రానక్కర్లేదు," అన్నాడు. "మధ్యాహ్నం రా."

*

శుక్రవారం మధ్యాహ్నం డోరినా తలుపు తోసేసరికి ఇల్లంతా వాసన. నూనె, ఇనుము, పాతకాలపు రేవు కలిసిన వాసన.

ఓడ ఈసారి గోడవైపుకి మొహం పెట్టి ఉంది. వీపు నేవియో వైపుంది. కింద గోదాములోంచి తెచ్చిన సింధూరపు రంగు డబ్బా, పైన మందపాటి తెట్టు కట్టి, అతని మోచేతి దగ్గరుంది. ఇప్పుడు దాన్ని ఎవరూ అమ్మరు, విషమట. నేవియో మూడు వేళ్ళ మధ్య కుంచె బిగించి, ఆ చేతి మణికట్టుని ఎడంచేత్తో పట్టుకుని పూస్తున్నాడు. సగం పక్క ఎర్రబడింది. మిగతా సగానికి కాఫీపొడి చల్లి, తుప్పు చేశాడు. పై గదుల మీద పాత చేతిరుమాలు ముక్క టార్పాలిన్‌లా కప్పి ఉంది. రెయిలింగ్ నుంచి రెండు దారాలు దిగి, ఐస్‌క్రీము పుల్లని మోస్తున్నాయి. పుల్ల మీద అగ్గిపుల్లలతో చేసిన మనిషి ఒకడు కూర్చోవాలి. కూర్చోవడం లేదు. పొద్దుటి నుంచి వాడు ఇప్పటికి చాలాసార్లు సముద్రంలో పడ్డాడు.

డోరినా కోటు విప్పకుండానే వంగి చూసింది.

"ఇది నేను చూశాను," అన్నాడు నేవియో తల ఎత్తకుండా. "నిన్న నువ్వూ విన్నావు. రేవులో ఆగిన ఓడకి అవతలి పక్కే రంగు వేస్తారు. అబద్ధం ఏమీ లేదు."

"రంగు మందంగా పూశావు. ముద్దలు కట్టింది."

"నాకు తెలుసు."

"తీసెయ్యకు. రంగు పూసేవాడు తాగి ఉన్నాడనుకుంటారు." ఆమె కోటు విప్పింది. "వాడిని ఇలా ఇవ్వు. నడుం విరవకపోతే ఎవడైనా ఎలా కూర్చుంటాడు?"

అగ్గిపుల్లని గోటితో సగం నొక్కి వంచింది. వాడు కూర్చున్నాడు. నేవియో ఆ గోటి వంక చూశాడు. ఒక్క నొక్కు. విరగలేదు, వంగింది.

"చెయ్యంటే అది," అన్నాడు. అనేశాక తనే ఉలిక్కిపడ్డాడు.

డోరినా విననట్టు వాడిని పుల్ల మీద సర్దింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

కాసేపటికి అంది, "ఆ మేజోడు బుట్టలో ఆకుపచ్చ ఊలుంది. బెత్తెడు ముక్క కావాలి."

"దేనికి?"

"ఉంది పని."

ఇచ్చాడు. దేనికని మళ్ళీ అడగలేదు. తర్వాత లేచి హాల్లోకి వెళ్ళాడు. అద్దం కింద పలక మీద దుమ్ము లేదు. లిప్‌స్టిక్ గొట్టం ఎత్తితే కింద చిన్న గుండ్రటి గుర్తుంది. మూత తీశాడు. ఒకపక్కకి అరిగి ఏటవాలుగా ఉంది, ఆమె పెదవి వాలుకి. మళ్ళీ మూత పెట్టాడు.

బల్ల మీద, రంగు డబ్బా పక్కన పెట్టాడు. కుర్చీలో కూర్చుని కుంచె తుడవడం మొదలుపెట్టాడు.

డోరినా దాన్ని వెంటనే ముట్టుకోలేదు.

"లోపలున్నది తీసెయ్యాలా?" అని అడిగింది.

"ఉండనీ."

ఆమె బిరడాని కత్తిమొనతో లేపేసింది. గొట్టాన్ని ఆ చోట నిలబెట్టింది. ఎక్కడా కోయలేదు, చెక్కలేదు, రంగు వెయ్యలేదు. నల్లగా, నిటారుగా, నడుం దగ్గర బంగారు పట్టీతో నిలబడింది. వంటింటి గుమ్మంలోంచి చూసినా అది లాస్తాయే.

జిగురు ఆరేదాకా ఇద్దరూ చెరో వేలితో పట్టుకుని కూర్చున్నారు. పొయ్యి మీద కాఫీ పొంగిపోయింది. ఎవరూ లేవలేదు.

*

శనివారం తలుపులు తెరవకముందే వచ్చారు. గట్టు పక్కన జర్మను ఓడ అప్పటికే కూర్చుని ఉంది, తళతళలాడుతూ. నేవియో గుడ్డ విప్పి, లాస్తాని ఎర్రటి పక్క ఇటు పెట్టి, బల్ల అంచు మీద ఉంచాడు.

కజిమిర్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి వంగాడు. వేలాడే పలక చూశాడు. తాగుబోతు పూత చూశాడు. ముక్కు దగ్గరగా పెట్టి వాసన పీల్చాడు.

"ఇది అసలుదా?"

"అసలుదే. నాకకు, చస్తావు."

కజిమిర్ నిటారుగా లేచాడు. జర్మను ఓడని రెండు చేతుల్తో ఎత్తి, దాని పెట్టెలో పెట్టి, పెట్టెని బల్ల కిందికి కాలితో తోశాడు. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి, ఒక కుర్చీ మీది కోటు తీసి, ఆ కుర్చీని డోరినా వెనక పెట్టాడు.

"కూర్చోండమ్మా."

"ఇప్పుడు నాకు కాళ్ళు నొప్పి లేవు," అంది డోరినా. కూర్చుంది.

పది అయ్యేసరికి నేలమాళిగ నిండింది. రేవులో పనిచేసిన ముసలాళ్ళు సముద్రం వైపు గుమిగూడి, ఓడని చూడకముందే వాసన పట్టారు. "మా నాన్న కోటు వాసన ఇది," అన్నాడొకడు. ఇంకొకడు పలక మీది అగ్గిపుల్ల మనిషిని చూసి, "వీడు నాకు తెలుసు, భోజనం దాకా ఒక జానెడు కూడా పూసేవాడు కాదు," అని నవ్వాడు. ఆ పక్క బాగుందని అందరూ అన్నారు. నేవియో వింటూ నిలబడ్డాడు. బాధగానే ఉంది అతనికి. వాళ్ళు చూస్తున్నది తన మొరటు పని. ఆమె పనితనమంతా అవతల, గట్టు వైపు, ఎవరికీ కనిపించకుండా ఉంది.

అతను బల్ల చుట్టూ తిరిగి పట్టాల వైపు వెళ్ళాడు. అక్కడ ఎజీదియో మీటల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"నీ కళ్ళున్న ఇంజను ఎక్కడ?"

"గిడ్డంగి వెనకుంది. ఇప్పుడే పంపుతున్నా."

"మెల్లగా పంపు. రేవులో నడిచే వేగం."

"అంటే నువ్వు నడిచే వేగం," అన్నాడు ఎజీదియో. నిజం ఇంజన్ల మీద ఆ జెండా వెనకాల అతనూ చాలా ఏళ్ళు పాకాడు.

ఇంజను కదిలింది. టీవీలో గిడ్డంగి తలుపులు, క్రేను కాళ్ళు, చేపల బజారు మలుపు పెద్దవిగా వచ్చి పోయాయి. ముసలాళ్ళు తలలు తిప్పారు. అప్పుడు లాస్తా వచ్చింది. ముందు లంగరు. తర్వాత వరసగా గుండ్రటి కిటికీలు, ఒక్కొక్కటీ మెరుస్తూ. తెల్లగుడ్డ కప్పిన పడవలు. మైనం పట్టిన తాళ్ళు. పైన నల్లటి పొగగొట్టం, దాని బంగారు పట్టీ మీద దీపం వెలుగు.  సముద్రం వైపున్నవాళ్ళు ఒక్కొక్కరే బల్ల వదిలి టీవీ దగ్గరికి జరిగారు. కజిమిర్ నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఇది ఎవరు చేశారు?" అంది ఎవరో ఆడగొంతు.

"మా మరదలు," అన్నాడు నేవియో. గదంతా వినపడేలా అన్నాడు.

మెట్లపలక దగ్గరకొచ్చింది. దాని పైన, రెయిలింగ్ పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంది. పొడుగ్గా, తల కొంచెం వంచి, పట్టాల వైపు చూస్తూ. ఒంటి మీద ఆకుపచ్చ ఊలుకోటు.

నేవియో కుడిచెయ్యి తనంతట తనే పైకి లేచింది. మూడువేళ్ళ అరచెయ్యి, ఆపమన్నట్టు. ఎజీదియోకి ఆ చెయ్యి చూసి ఆలోచించాల్సిన పని లేదు. ఇంజను ఆగింది. టీవీలో ఆలిదా ఆగింది.

డోరినా కుర్చీలోంచి లేచి వచ్చి అతని పక్కన నిలబడింది.

"ఒక్కతే ఉందేం?" నేవియో అడిగాడు. "నువ్వెక్కడ?"

"లోపల. బకెట్టు పట్టుకుని. నాకు సముద్రం పడదని తెలీదూ?"

వెనకాల పిల్లలు గోల మొదలుపెట్టారు, రైలు కదలాలని. "నేవియో, జనం చూస్తున్నారయ్యా, ఇక పంపించు," అన్నాడు కజిమిర్. ఎజీదియో మీట మీద వేలుంచి, నేవియో చెయ్యి వంకే చూస్తున్నాడు.

చెయ్యి దిగలేదు.

"ఇంకా మలుపు తిరగలేదు," అంది డోరినా వాళ్ళందరితో. "ఆగండి."